పడుకునే సీటు ఎవరికి

ఆ వీధిలో పళ్ళక్క తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ నిలబెట్టి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేయడం ఆవిడ పని. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల, అదే దీపం, ముక్కు మీదికి జారే అవే కళ్ళద్దాలు. సెట్టు సరిగ్గా కూర్చోలేదని వచ్చే ముసలివాళ్ళు బోసినోటితో ఏం గొణిగినా ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. వాళ్ళ కోడళ్ళే "మా మామయ్యగారు ఏమంటున్నారండీ?" అని ఆవిణ్ణి అడిగేవారు. మనిషి నోరు తెరిస్తే చాలు, భావం తనకి అందుతుందని ఆవిడకి కాస్త గర్వం కూడా ఉండేది.

అలాంటి మనిషి యాభై నాలుగో ఏట మొదటిసారి దేశం దాటింది. ఓడలో వంట చేసే తమ్ముడు పరాయి రేవులో నిచ్చెన మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఓడ వాడి కోసం ఆగుతుందా, వెళ్ళిపోయింది. మరదలు చంటిపిల్లని వదిలి కదల్లేదు. "నేను వెళ్తాలే, నువ్వు కంగారు పడకు," అని పళ్ళక్క మాట ఇచ్చేసింది. ఇచ్చాక మొదలైంది ఆవిడకి కంగారు.

ఓడ కంపెనీవాళ్ళు విమానం టిక్కెట్లిచ్చి, వెళ్ళేటప్పుడు కారులో ఆసుపత్రిదాకా దింపారు. తిరుగు ప్రయాణంలో మాత్రం విమానం ఎక్కే ఊరికి ఏడు గంటలు రైల్లో వెళ్ళాలి. ఆ ఏర్పాట్లు మీరే చూసుకోండన్నారు.

"అక్కా, నాకు కాలు మడత పడదు. పడుకునే సీటు ఒకటి, నీకు మామూలు సీటు ఒకటి. అంతే అడుగు," అన్నాడు తమ్ముడు మంచం మీంచి.

"అంతే అడుగు అంటే, ఏ భాషలో అడగమంటావురా?"

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. ఆ భాషలో వాడికి వచ్చిన మాటలు మూడే: ఉల్లిపాయ, ఉప్పు, అయిపోయింది. "సైగలు చెయ్యక్కా. సైగలు ఎక్కడైనా ఒకటేగా!"

మర్నాడు పొద్దున్నే స్టేషనుకి వెళ్ళింది. ఆవిడది బటన్ల ఫోను, అది ఆ దేశంలో టైము చూడ్డానికి తప్ప పనికిరాలేదు. వెళ్ళాల్సిన ఊరి పేరు విమానం టిక్కెట్టు మీద చూసి, బొమ్మ గీసినట్టు ఒక్కో అక్షరం కాగితం మీదికి ఎక్కించుకుంది. కిటికీ వెనకున్న అమ్మాయికి కాగితం, పాస్‌పోర్టులు రెండూ ఇచ్చి, రెండు వేళ్ళు చూపించింది. అమ్మాయి తలూపింది. ఇంతదాకా బాగానే ఉంది.

ఇక పడుకునే సీటు. పళ్ళక్క రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అమ్మాయి గడియారంలో రాత్రి పది గంటలు చూపించింది. "రాత్రి బండి కాదమ్మా!" అని పళ్ళక్క చేతులు అడ్డంగా ఊపింది. అమ్మాయి కూడా ఊపింది. ఎవరు ఎవరికి కాదన్నారో ఇద్దరికీ తెలియలేదు. సరే, కాలు చూపిద్దామని తొడ మీద చరుచుకుని, "అబ్బా, అమ్మా!" అని మూలిగింది. అమ్మాయి కంగారుగా లేచి నిలబడింది. వెనక వరసలోవాళ్ళు తొంగిచూశారు. పళ్ళక్కకి చెమటలు పట్టాయి. ఇక లాభం లేదనుకుని, సంచీ తల కింద పెట్టుకుని, కాలు బారజాపి, నేల మీద వెల్లకిలా పడుకుంది.

"ఇదిగో, ఇలా. మా తమ్ముడు ఇలా రావాలి!"

వరసలోవాళ్ళు చుట్టూ మూగారు. తర్వాత ఎవరో కేక పెట్టారు. పచ్చకోట్ల స్టేషనువాళ్ళిద్దరు చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ఒకడు నాడి పట్టుకున్నాడు, ఇంకొకడు నీళ్ళు పట్టించాడు. "నేను కాదు బాబూ, మా తమ్ముడు!" అని ఆవిడ చెప్పిన కొద్దీ వాళ్ళు భుజం తట్టి ఓదార్చారు. కిటికీ అమ్మాయి బయటికొచ్చి రెండు టిక్కెట్లు చేతిలో పెట్టింది. ఒకదాని మీద పడుకున్న మనిషి బొమ్మ, రెండోదాని మీద కూర్చున్న మనిషి బొమ్మ. అమ్మయ్య, అర్థమైంది! కుర్చీలోనే గుమ్మందాకా తోసుకెళ్ళి టాక్సీ ఎక్కించారు. ఇక్కడ టిక్కెట్టు కొన్నవాళ్ళని ఇలా సాగనంపుతారు కాబోలు అనుకుంది.

ప్రయాణం రోజు ఆసుపత్రి బండి వాళ్ళని ప్లాట్‌ఫారం దగ్గర దింపింది. తమ్ముడు కట్టు మీద వదులు పాంటు వేసుకుని, చంకకర్రల మీద నిలబడ్డాడు. లావుపాటి టీసీ ఒకాయన చక్రాల కుర్చీతో సిద్ధంగా ఉన్నాడు. చేతిలో జాబితా చూసుకున్నాడు, తమ్ముణ్ణి దాటుకొచ్చి, పళ్ళక్క మోచెయ్యి పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ సంచీ తీసి తమ్ముడి మెడలో తగిలించాడు.

"అక్కా, ఏంటిది? విరిగింది నా కాలు కదా?"

"నాకేం తెలుసురా? మొన్న కూడా ఇలాగే కూర్చోబెట్టారు."

"మొన్న కూడానా? ఏం చేశావక్కా నువ్వు?"

"నువ్వు చెప్పినట్టే, సైగలు."

పడుకునే సీటు ఆవిడ పేరు మీదే ఉంది. టీసీ ఆవిణ్ణి పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, దుప్పటి కప్పి వెళ్ళాడు. ఎదుటి సీట్లో తమ్ముడు కాలు దారికి అడ్డంగా చాపుకుని పళ్ళు బిగబట్టుకున్నాడు. బండి కదలగానే అక్కాతమ్ముళ్ళు సీట్లు మార్చుకున్నారు. దానికి పది నిమిషాలూ, బోలెడు మూలుగులూ పట్టాయి. అంతలో టీసీ తిరిగొచ్చాడు. రోగి సీట్లో కాళ్ళు చాపుకున్న దుక్కలాంటి మగాణ్ణి చూసి ఆయన మొహం జేవురించింది. గద్దిస్తూ దుప్పటి లాగాడు. పాంటు కాలు పైకి జరిగి, తెల్లటి కట్టు బయటపడింది.

టీసీ కట్టు వంక చూశాడు. పళ్ళక్క కాళ్ళ వంక చూశాడు. జాబితా తిరగేశాడు.

"నాది కాదు బాబూ, వాడిది," అంది ఆవిడ ఇరవయ్యోసారి.

ఆయన ఎదురుగా కూలబడి, చెయ్యి గుండెకి ఆనించుకుని చాలాసేపు ఏదో మాట్లాడాడు. పళ్ళక్క చెవులు రిక్కించి వింది. క్షమించమంటున్నాడో, మంచిపని కాదంటున్నాడో, తనకీ ఒక తమ్ముడున్నాడని చెబుతున్నాడో! నోరు చూస్తే పళ్ళ వరస చక్కగా ఉంది, భావం మాత్రం ఒక్క ముక్క అందలేదు. బోసినోటి మాటలు అర్థం కానివాళ్ళకి ఇలాగే ఉంటుందేమో అనిపించింది ఆవిడకి. చివరికి ఆయన ఏదో అడిగి, ఆవిడ వైపు, తమ్ముడి వైపు వేలు చూపించాడు. ఏమైతే అయిందని తలూపింది. ఆయన తృప్తిగా జాబితాలో ఏదో రాసుకున్నాడు.

దిగాల్సిన స్టేషన్లో తలుపు తెరుచుకునేసరికి ప్లాట్‌ఫారం మీద చక్రాల కుర్చీలు రెండున్నాయి.

"రెండెందుకక్కా?"

"నోర్మూసుకుని కూర్చో," అంది పళ్ళక్క. చెప్పి ఒప్పించే ఓపిక ఇక లేదు. ఏడు గంటలు కాళ్ళు ముడుచుకుని ఆవిడ నడుం కూడా పట్టేసింది. రెండో కుర్చీలో తానే కూర్చుంది. ఇద్దర్నీ పక్కపక్కనే తోసుకెళ్తుంటే తమ్ముడు పడీపడీ నవ్వాడు, నవ్వినప్పుడల్లా కాలు పట్టుకుని "అబ్బా" అన్నాడు.