పెద్దమామ గేటు దాకా

ఆదివారం ఉదయం ఆరున్నరకు సైకిలు చక్రాలకు గాలి కొడుతూ ఉండగా ఫోను మోగింది. సూలూరు నుంచి అత్త. "అమ్మిణీ, ఈ పొద్దు సైకిల్లో రావద్దు. కారు తీసుకొని రా. మీ మామ ఇంకా లేవలే," అంది. లేవలేదంటే ఏమిటని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నిద్రలోనే పోయారట. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ముందు రోజు సాయంత్రం కూడా సైకిలు చైనుకు నూనె వేసుకున్నారట, ఆదివారం మేమిద్దరం తొక్కబోతున్నాం కదా అని.

ఆయన నాకు చిన్నమామ. మా అమ్మకు తమ్ముడు. కోయంబత్తూరులో ఒక మోటారు పంపుల కార్ఖానాలో నలభై ఏళ్ళు పంపులు పరీక్షించే పని చేశారు. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి, కళ్ళు మూసుకొని వినేవారు. "దీనికి జలుబు చేసిండాది, విప్పండి," అనేవారు. విప్పితే లోపల ఏదో ఒకటి నిజంగానే ఉండేది. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఆ పిడి నా చెవికి పెట్టి, "ఏం చెప్తాది?" అని అడిగారు. నాకేమీ అర్థం కాలేదు గాని, ఇనుము మాట్లాడుతుందని మాత్రం నమ్మకం కుదిరింది. ఇవాళ పంపులు ఎగుమతి చేసే ఆఫీసులో కూర్చొని నేను తింటున్న అన్నం ఆ చెవిలోంచి వచ్చిందే.

ఒక మాట ముందే చెప్పాలి. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, చదవడం మాత్రం రాదు. బడి అంతా తమిళమే. నేను ముప్పై దాటాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి ఇది అచ్చులో వచ్చినా మావాళ్ళకు నేనే చదివి వినిపించాలి. చిన్నమామ ఉంటే నాలుగు వాక్యాలు విని, "ఇంత చుట్టు ఎందుకు అమ్మిణీ, విషయానికి రా," అనేవారు. వస్తున్నాను మామా.

ఆయన సైకిలు తొక్కితే పక్కన నడిచేవాళ్ళు దాటిపోయేవారు. అంత నిదానం. "ఊరు యాడికీ పోదు, తొక్కు," అనేవారు. బెల్లు కొట్టడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. ఎవరైనా అడ్డుంటే వెనకనుంచి చిన్నగా దగ్గేవారు. మా ఊళ్ళో అందరికీ ఆ దగ్గు తెలుసు, తప్పుకునేవారు.

నాలుగేళ్ళ కిందట పంపుల ప్రదర్శన ఒకటి ఉండి ఆఫీసు నన్ను హాలండుకు పంపింది. "నేనూ వస్తా," అన్నారు చిన్నమామ. ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "సముద్రం కంటే పల్లంలో ఉండే దేశం అంట. పంపు నిలిస్తే మునిగిపోతాదంట. నలభై ఏళ్ళు పంపులు చూసిన నాకు ఆ దేశం చూడాలని ఉండదా?" అన్నారు. అక్కడికి వెళ్ళాక పూలతోటలూ వద్దన్నారు, పడవ షికారూ వద్దన్నారు. ప్రదర్శన అయిపోయిన మరునాడు రెండు సైకిళ్ళు అద్దెకు తీసుకొని బేమ్‌స్టర్ అనే చోటికి పోయాం.

నాలుగు వందల ఏళ్ళ కిందట అదొక పెద్ద చెరువు. చుట్టూ కట్ట వేసి, కట్ట వెనక కాలువ తవ్వి, గాలిమరలు పెట్టి నీళ్ళన్నీ తోడేశారు. అడుగున మిగిలిన మట్టిని గీతలు గీసినట్టు పొలాలుగా కోసుకున్నారు. మేము తొక్కిన దారి ఆ కట్ట మీదుగానే. ఒక పక్క కాలువ నిండుగా, రెండో పక్క చాలా కింద పచ్చిక, ఆవులు, గోపురం లాంటి పైకప్పుల ఇళ్ళు. దారి కిందికి దిగాక తల ఎత్తి చూస్తే, మా తలల కంటే ఎత్తున, కట్ట మీది కాలువలో పడవ తెల్ల తెరచాప ఒకటి గడ్డి మీద పోతున్నట్టు పోయింది. చిన్నమామ సైకిలు ఆపేశారు. "అయ్యో, మనం చెరువు అడుగున ఉండాము!" అన్నారు. భయమూ సంబరమూ కలిసిన గొంతు అది. నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ప్యాంటుకు కింద క్లిప్పు, మే నెలలో మంకీ క్యాపు, ఎదురు గాలి. ముందు నడుస్తున్న డచ్చి దంపతుల వెనక ఆయన దగ్గుతూ దగ్గుతూ తొక్కారు. వాళ్ళు తప్పుకోలేదు సరిగదా, వెనక్కి తిరిగి జాలిగా చూసి దగ్గు బిళ్ళ ఇచ్చారు. దాన్ని చప్పరిస్తూ అరమైలు తొక్కారు. అక్కడ దారులు కలిసేచోటల్లా ఒక స్తంభం, దాని మీద ఒక అంకె ఉంటుంది. పోవలసిన అంకెలన్నీ పెన్నుతో ముంజేతి మీద రాసుకొని, దాటిన ప్రతి అంకెనూ కొట్టేస్తూ వచ్చారు.

అసలు సంగతి రెండు పొలాల మధ్య మురుగు కాలువ దగ్గర జరిగింది. కాలువకు అడ్డంగా పలకల తూము ఉంది. పలక మీదనుంచి నీళ్ళు సన్నగా కిందికి జారుతున్నాయి. మా వైపు రైతు చేయి ఎలాంటిదో మీకు తెలియనిది కాదు. పొలంలోంచి నీళ్ళు బయటికి పోతుంటే చూస్తూ ఊరుకోదు. మోటారు వేసి, మడవ తిప్పి, ఒక్కో చాలుకూ కొలిచి పోసుకునే చేయి అది. "అయ్యో, ఎవరూ చూసుకోలే! నీళ్ళంతా పోతా ఉండాది," అంటూ నేను ఆపేలోపల చిన్నమామ దిగి, పక్కన గడ్డిలో పడి ఉన్న పలక తీసి తూములో దింపేశారు. నీళ్ళు ఆగాయి. చేతులు దులుపుకొని తృప్తిగా నిలబడ్డారు.

అవతలి ఇంటినుంచి ఒకావిడ సైకిలు మీద గాలి కంటే వేగంగా వచ్చింది. అరవై దాటి ఉంటాయి. పలక పైకి లాగేసి ఇంగ్లీషులో అడిగింది, ఎందుకిలా చేశారని. నీళ్ళు వృథాగా పోతున్నాయని మా మామ ఆపారు, మా ఊళ్ళో నీళ్ళు బంగారం అని చెప్పాను. ఆమె కోపం నవ్వయింది. "ఇక్కడ నీళ్ళను పంపేయడమే మా పని. మీరు ఆపితే మునిగేది నా పొలం కాదు, ఎగువన ఉన్న పొరుగాయన పొలం. పైగా ఆయనకూ నాకూ పదేళ్ళుగా మాటల్లేవు. నేనే చేశానంటాడు," అంది.

నేను తెలుగులో చెప్పగానే చిన్నమామ ముఖం మారింది. "మాటలు లేకుంటే నీళ్ళ సంగతి ఎట్లా కుదురుతాదో అడుగు," అన్నారు. అడిగాను. "నీళ్ళ సంఘం సమావేశంలో పక్కపక్కనే కూర్చుంటాం. ఆయన మీద నాకెంత కోపమున్నా అక్కడ అబద్ధం చెప్పను. నీళ్ళ విషయంలో అబద్ధమాడితే ఇద్దరం మునుగుతాం," అంది. ఆ తర్వాత రెండు స్తంభాలు దాటాం. చిన్నమామ ముంజేతి మీద అంకెలు కొట్టేయడం మరిచిపోయారు.

దారి చివర చెరువు. అది తోడకుండా మిగిల్చింది. ఒడ్డున బెంచీ మీద కూర్చొని అత్త కట్టిచ్చిన మురుకులు విప్పాను. ఆయన తినలేదు. పెద్దమామ సంగతి ఎత్తారు.

పెద్దమామ మా అమ్మకు అన్న. అన్నదమ్ములవి పక్కపక్క తోటలు, ఇద్దరికీ ఉమ్మడి బావి ఒకటి. మూడు రోజులు అన్న ముర, మూడు రోజులు తమ్ముడి ముర. ముర అంటే వంతు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళకు మాటల్లేవు. తర్వాత ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు. పంపకాల దగ్గర పెద్దమామే ఏదో మొండికేసి మాట మానేశారని మేమంతా అనుకునేవాళ్ళం. నేనూ అనుకున్నాను.

"పంపకం కాదు అమ్మిణీ. అన్న పిల్ల పెండ్లి మాటలకి మదురై పోయె. ఆయన ముర మూడు రోజులూ 'నా అరటికి నువ్వే నీళ్ళు కట్టు తమ్ముడా' అని చెప్పి పోయె. నా పసుపు ఎండిపోతా ఉండె. ఆ మూడు రోజులూ నేను పసుపుకి తిప్పుకుంటి. వచ్చి అడిగితే 'కరెంటు లేదన్నా' అంటి. ఆ ఎండకి ఆయన అరటి గెలలతోనే వాలిపోయె." మురుకుల పొట్లం మడుస్తూ, "కరెంటు మూడు రోజులూ ఉండె," అన్నారు.

నాకు కోపం వచ్చింది. దాచను. ఇన్నేళ్ళు పెద్దమామను మేమంతా మొండివాడన్నాం కదా అని మండింది. "ఇప్పుడే ఫోను చేయండి," అన్నాను. "ఫోన్లో చెప్పేదా ఇది? ముఖం చూసి చెప్పాలి. నేనే చెప్తా. నువ్వు ఎవరికీ చెప్పకూడదు, సరియా?" అన్నారు. సరే అన్నాను.

తిరిగి వచ్చాక ఆదివారాలు మొదలయ్యాయి. నేను సింగానల్లూరు నుంచి తొక్కుకుంటూ పోతే సూలూరు చెరువు కట్ట మీద ఆయన కలిసేవారు. నొయ్యలు నది మీది పాత ఆనకట్టలు, వాటి కాలువలు, ఒకటి నిండితే తర్వాతి దానికి నీళ్ళిచ్చే చెరువులు అన్నీ చూపించేవారు. "వాళ్ళు తోడి పొలం చేసుకునిరి, మన పెద్దలు నింపి పొలం చేసుకునిరి. ఇద్దరూ సామాన్యులు కారు," అనేవారు. ఇప్పుడా చెరువుల్లో సగం గుర్రపుడెక్క, నురుగు. ఆయన ముక్కు మూసుకొని కూడా ఆగి చూసేవారు. ఆ నాలుగేళ్ళలో నా నేల గురించి నేను నేర్చుకున్నంత బడిలో నేర్చుకోలేదు.

ప్రతి ఆదివారం మా దారి పెద్దమామ గేటు దగ్గర ముగిసేది. చిన్నమామ దిగి స్టాండు వేసేవారు. గేటు కడ్డీల్లోంచి చూసేవారు. వసారాలో పెద్దమామ పేపరు పట్టుకొని కూర్చొని ఉండేవారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత స్టాండు తీసేవారు. "వచ్చే వారం," అనేవారు. నేను తొందరపెట్టాను, అలిగాను, రెండు వారాలు రావడం మానేశాను. "పంపుకైతే చెవి పెడితే తెలుస్తాది. ఆయన లోపల ఏముండాదో నాకు తెలీదు కదా," అన్నారు ఒకసారి. మిగతా విషయాల్లో ఎవరికీ జంకని మనిషి ఆ గేటు దగ్గర వణకడం చూశాను. ఆయన్ని అప్పుడు ప్రేమించినంత ఎప్పుడూ ప్రేమించలేదు. అయినా చెప్పకుండానే పోయారు.

కర్మలన్నీ అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం నేనొక్కదాన్నే పెద్దమామ ఇంటికి పోయాను. ఆయనకు ఎనభై రెండు. తమ్ముడు పోయిన రోజు వచ్చి, కాళ్ళ దగ్గర నిలబడి వెళ్ళిపోయారు. ఇప్పుడు నన్ను వసారాలో కూర్చోబెట్టుకొని కాఫీ తెప్పించారు. చిన్నమామకు ఇచ్చిన మాట తప్పి, బెంచీ మీద విన్నదంతా చెప్పేశాను.

"తెలుసు," అన్నారు పెద్దమామ. "ఆ పొద్దే తెలుసు. బస్సు దిగి నేరుగా మోటారు కొట్టంకి పోతిని. మోటారు మీద చెయ్యి పెడితే కాలె. కరెంటు లేని మోటారు ఎట్లా కాలుతాది అమ్మిణీ?"

"మరి నిలదీయలేదేం మామా?"

"చిన్నోడు. వాడే వచ్చి చెప్తాడు, చెప్పిందాకా మాట్లాడకూడదు అనుకుంటి. ఈ వారం చెప్తాడు, ఈ పండక్కి చెప్తాడు అని ఉంటి."

"ప్రతి ఆదివారం గేటు దాకా వచ్చారు మామా."

"స్టాండు వేసే సద్దు వినపడేది. నేను లేస్తే వాడు సిగ్గుపడి తిరిగి పోతాడేమో అని కదలకుండా కూర్చుంటి. పేపరు ఊరికే పట్టుకొని ఉంటి." కాఫీ గ్లాసు కింద పెట్టారు. "యాడ నిలబడేవాడు?"

చూపిస్తానని లేచాను. ఆయన కర్ర పట్టుకొని నా వెంట నడిచారు. గేటు తీసి రోడ్డు మీదికి వచ్చి, నేను చూపించిన చోట నిలబడి, ఇంటి వైపు తిరిగారు.

"ఈడినించి నేను కనపడతా ఉంటినా?"

"కనపడేవారు మామా."

వసారాలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన గేటు కడ్డీలు పట్టుకొని దాన్ని చూస్తూ ఉండిపోయారు.

"ఇంత దగ్గరేనా," అన్నారు.