పసుపునీళ్ల కుండలో యాంటీబాడీ

వేరుశనగ చేతికి రాని ఆ సంవత్సరాల్లో మా పావగడ వైపు మనుషులు వానను తప్ప దేన్నయినా నమ్మేవాళ్లు. నన్ను కూడా నమ్మారంటే కరువు ఎంత ముదిరిందో మీరే అర్థం చేసుకోవచ్చు. పశువుల జబ్బుల మీద పరిశోధన చేసే బెంగళూరు ల్యాబులో నేను అప్పుడే కుదురుకున్నాను. పావగడ దగ్గరి అరసికెరెలో మా మామ గొర్రెల మందలో దగ్గు పుట్టిందని తెలిసి, వాటి రక్తం పరీక్షకు తెస్తానని మా సారు దగ్గర గొప్పగా ఒప్పుకున్నాను. రక్తం తాజాగా ఉన్నప్పుడే కలపాల్సిన యాంటీబాడీని చిటికెన వేలంత సీసాలో ఇచ్చారు. దాన్ని మంచుముక్కల ఫ్లాస్కులో పెట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. (పక్కసీటు ముసలాయన చల్లటి నీళ్లనుకుని ఒక గుక్క అడిగాడు.)

రోగాన్ని ఎదిరించే కణాలు గొర్రె రక్తంలోనూ ఉంటాయి. వాటిలో ఒక రకం కణాల ఒంటిమీద ఒక ప్రొటీను ఉంటుంది. ఈ యాంటీబాడీ వెతుక్కుంటూ పోయి దాన్నే పట్టుకుంటుంది. దానికి అంటించిన రంగు యంత్రంలో మెరుస్తుంది కనుక ఆ కణాలెన్నో తెలుస్తుంది. అంతే తప్ప దానితో ఏ జబ్బూ నయం కాదు. ఈ చివరి ముక్క మా అత్తకు చెప్పడమే కష్టమైంది.

"మందా అల్లుడా అది?"

"మందు కాదత్తా. నెత్తుర్లో కావలోళ్లుంటారు. వాళ్లను పట్టి చూపిస్తాది."

"చూపిచ్చి?"

"లెక్కబెడతాం."

"లెక్కబెట్టేదానికి బెంగళూరు నుంచి వచ్చినావా? మీ మామ దినామూ పొద్దుగూకితే లెక్కబెడతానే ఉండాడు గదప్పా!"

నాకు రోషం వచ్చింది. "అట్ల తీసిపారేయొద్దత్తా. ఒక్క చుక్క పడితే సాలు, యా రోగమూ దాక్కోలేదు" అన్నాను.

మామ మేతకు కొమ్మలు కొట్టుకురావడానికి వెళ్లాడు. నేను సంగటి తిని నిద్రపోయాను. మందకు జబ్బు వస్తే దొరికిన మందును పసుపునీళ్లలో కలిపి, వేపరెమ్మతో ఏ జీవాన్నీ వదలకుండా చల్లడం మా వాళ్ల పద్ధతి. నేను లేచేసరికి మంద మొత్తం పెళ్లికొచ్చినట్టు పచ్చగా ఉంది. సీసా ఖాళీగా ఉంది.

"ఏందత్తా ఇది!"

"ఒక్క చుక్క సాలంటివి గదా. పిసినారితనమెందుకని అంతా పోసినా."

పట్టుకోవాల్సిన కణాలు లోపల, పట్టుకునేది బొచ్చు మీద! నా ముఖం చూశాక, మామ తిడతాడని అత్తకు భయం పట్టుకుంది. మామ వచ్చేసరికి ఏం చెప్పాలో తోచక నేను దొర వైపు వేలు చూపించాను. దొర అంటే తల్లి చచ్చిపోతే అత్త చేత్తో పాలుపట్టి పెంచిన పొట్టేలు. "దొర పొడిచినాడు మామా, సీసా ఒలికిపోయింది."

"ఉద్యోగం పోతాదా?"

"పోయినా పోవచ్చు" అన్నాను, కాస్త పెద్దరికం కోసం. (తీరా బెంగళూరు వెళ్లి చెబితే మా సారు తల కూడా ఎత్తకుండా "ఇంకోటి తెప్పిద్దాం లే" అన్నాడు.)

మరుసటి వారం సంతలో మామ దొరను అమ్మేశాడు. తెలిసి మళ్లీ ఊరికి పరుగున వెళితే అత్త చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. మామకు నిజం తనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత ఏ పెళ్లిలో పొట్టేలు మాంసం వడ్డించినా నాకు ముద్ద దిగేది కాదు.

అత్త పోయాక, మొన్నీమధ్య మామకు నిజం చెప్పి తప్పు ఒప్పుకున్నాను. ఆయన తాపీగా వక్క కొరికాడు.

"మందంతా పచ్చగా నిలబడుకోనుంటే దొర ఒక్కడే పొడిచినాడంటివి. నాకు కండ్లు ల్యావా?"

"మరి ఎందుకమ్మినావు మామా?"

"మేత యాడుండెరా? వాన్నమ్మితేనే తక్కినవి బతికేది. మీ అత్త అమ్మనిచ్చునా? నీ అబద్ధంతో ఆ యమ్మ నోరు మూతబడె. నువ్వే దారి జూపిస్తివి."

ఇన్నేళ్లు దిగని ముద్దలన్నీ తలచుకుని నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేశాను. మామ నవ్వలేదు, ఖాళీ దొడ్డి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏమైనా, దొర ఆ సీసాను పొడవలేదు. ఆ సమయంలో వాడు ఒళ్లంతా పసుపుతో, అత్త చేతిలో మిగిలిన వేపరెమ్మ నములుతున్నాడు.