వజీహా టీచరమ్మ జిగురు కవర్లు

వజీహా టీచరమ్మ ఎవరినీ నమ్మేది కాదు. ఇది చాడీ కాదు, మాదబా ఊళ్లో ఆవిడని ఎరిగినవాళ్లెవరినడిగినా చెప్పే మాటే. బయట వాన పడుతోందని చెబితే, నీ గొడుగు పట్టి చూసి గానీ ఒప్పుకునేది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, ఏటా పరీక్షలకి కాపలా కాసి, తలగుడ్డల్లోంచీ బూట్లలోంచీ చీటీలు లాగీ లాగీ ఆ గుణం ఒంటికి పట్టేసింది.

ఉద్యోగం అయిపోయాక మహిళా సంఘం వాళ్లు ఆవిడని పిలిచి, మేడ మీద గదిలో ఆడవాళ్లకి ఇంగ్లీషు చెప్పమన్నారు. ఎవరైనా సరైన జవాబు చెబితే చాలు, ఆవిడ కళ్లద్దాలు ముక్కు మీదికి జారేవి.

"ఎవరు చెప్పారు నీకు?"

మొదటి రోజు హజార్ అనే ఆవిడ లేచి, ఇంగ్లీషులో తన పేరు హజార్ అని తడుముకోకుండా చెప్పింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"మా అమ్మా నాన్నా, టీచరమ్మా."

టీచరమ్మ కాసేపు ఆలోచించి, సరే కూర్చోమంది.

ఆ క్లాసులో పన్నెండు మంది. పెన్ను ఎటు పట్టుకోవాలో తెలియనివాళ్ల నుంచి కాలేజీలో రెండేళ్లు ఇంగ్లీషు చదివిన రుదైనా దాకా అన్ని రకాలూ ఉన్నారు. రుదైనాకి ఈ క్లాసు ప్రాణం. సంఘం దుకాణానికి విదేశీయులు వస్తారు, వాళ్లతో గడగడా మాట్లాడగలిగినవాళ్లకే అక్కడ ఉద్యోగం. కానీ సంఘం కార్యదర్శి ముందే తేల్చి చెప్పింది: పన్నెండు మంది ఉంటేనే క్లాసు, ఒక్కరు తగ్గినా గది కుట్టుపని వాళ్లకి. కిందటేడు అలాగే ఎత్తేశారు. అప్పుడు చెప్పిన కుర్ర టీచరు అందరి మార్కులూ పైకి చదివింది, మూడు వారాల్లో అయిదుగురు సిగ్గుపడి మానేశారు.

ఈసారి పదకొండు మందే పోగయ్యారు. రుదైనా వెళ్లి అత్తగారి కాళ్లావేళ్లా పడింది. అత్తగారంటే ఉమ్ ఖుతైబా, అంటే ఖుతైబా వాళ్లమ్మ, నాలుగో తరగతితో బడికి దణ్ణం పెట్టేసిన మనిషి.

"వస్తాలే," అందావిడ. "కానీ నన్ను చూసి ఒక్కళ్లు నవ్వినా సరే, ఆ క్షణమే లేచి వచ్చేస్తా. తర్వాత నన్నేం అనకు."

ఇక వజీహా టీచరమ్మ పరీక్షల సంగతి. నెలాఖరు మంగళవారం తాళం వేసిన సంచీతో దిగేది. టీ పెట్టెల అట్టలు కోసి మనిషికీ మనిషికీ మధ్య గోడలా నిలబెట్టేది. కవర్ల మీద పేర్లుండవు, అంకెలే. అడిగితే, పేర్లు రాస్తే మీరు లంచాలు పెడతారు అనేది. ఒక్కో కవరుకీ ఎంత జిగురు పూసేదంటే, విప్పడానికే పావుగంట పట్టేది. రాసిన కాగితాలు మళ్లీ సంచీలోకే పోయేవి. మార్కులు వారం తర్వాత ఒక్కొక్కరినీ వసారాలోకి పిలిచి చెవిలో చెప్పేది.

"మనమేమన్నా బాంకు దోచుకున్నామా?" అని సణిగేది హజార్.

ఆ చెవిలో చెప్పిన మార్కులే రుదైనా కొంప ముంచాయి. ఆమెకి ఇరవైకి పదకొండు. అత్తగారికి పద్దెనిమిది.

అత్తగారు ఆ పద్దెనిమిదిని రొట్టెల కొట్టు దాకా మోసుకెళ్లి చెప్పి వచ్చింది. కొడుకు ఖుతైబా భోజనానికి కూర్చుంటే, "మీ ఆవిడకి పదకొండేరా. పాపం, కష్టపడుతోందిలే," అంది. మరుసటి నెల మళ్లీ అంతే.

రుదైనాకి అనుమానం పట్టుకుంది. టీచరమ్మ దగ్గర చదివితే ఆ జబ్బు అంటకుండా ఉంటుందా? పైగా ప్రతి మంగళవారం అత్తగారు చిన్న వంకాయల్లో అక్రోటు కూరి నూనెలో ఊరబెట్టిన మక్దూస్ సీసా ఒకటి పట్టుకెళ్లడం కళ్లారా చూసింది. అదన్నమాట సంగతి అనుకుంది. కానీ టీచరమ్మ సీసా మూత తీసి, "ముందు నువ్వొకటి తిను," అని అత్తగారి చేత తినిపించి, అయిదు నిమిషాలు గడియారం చూసి, ఆవిడ బతికే ఉందని తేలాకే తీసుకునేది. లంచం పుచ్చుకునేవాళ్ల తీరు అలా ఉండదే అని కూడా అనిపించేది. సరే, ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతాననుకుంది.

మూడో పరీక్ష రోజు రుదైనా అంకె ఏడు, అత్తగారిది ఎనిమిది. అరబ్బీ ఏడు తలకిందులు చేస్తే ఎనిమిదవుతుంది. టీచరమ్మ సరిగ్గా ఆ రెండు కవర్లూ పంచేవేళకి హజార్ తుమ్మింది. ఆ తుమ్ములో ఏదో సైగ ఉందని టీచరమ్మకి అనుమానం వచ్చి, అటు చూస్తూ ఇటు తిరగేసిన కవర్లు పడేసి పోయింది.

రుదైనా పిన్నీసుతో చకచకా కవరు విప్పింది. లోపల బొమ్మలు. ఒక కూజా, ఒక మేక, ఒక రొట్టె. ఏది మేకో గీత గీయమని. చివర, నీ పేరు రాయి.

ముందు ఒళ్లు మండిపోయింది. ఇదా పద్దెనిమిది? తన కాగితంలో ఎప్పుడూ పేజీడు కథా, కింద ఉత్తరమూ ఉంటాయి. లేచి కాగితం ఎత్తి అందరికీ చూపిద్దామని చెయ్యి పైకి లేచింది కూడా.

అప్పుడు అట్ట అవతల గోటితో జిగురు గీరుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు ఇంకా కవరు విప్పలేదు. విప్పితే అందులో పేజీడు ఇంగ్లీషు. ఆవిడ చూస్తుంది, చెమటలు పడతాయి, లేస్తుంది, క్లాసు అంతే. ఇన్నాళ్లూ ఈ అట్టలూ జిగురూ తాళమూ ఎందుకో రుదైనాకి అప్పుడు అర్థమైంది. ఎవరి కాగితం తేలికో ఎవరికీ తెలియకూడదని. చెయ్యి దించేసింది.

"అత్తయ్యా," అంది అట్ట కింది సందులోంచి. "ఇలా ఇవ్వండి, విప్పి ఇస్తా."

"ఇదిగో తల్లీ, నా గోరు విరిగింది."

రుదైనా ఆ కవరు లాక్కుని, మేక ఉన్న కవరు అటు తోసింది.

"రుదైనా, లే." టీచరమ్మ పక్కనే ఉంది. "ఏం మార్చావు?"

"నేను చూశా," అంది హజార్. "కవర్లు మారాయి. రెండూ బల్ల మీద పరవండి టీచరమ్మా, అందరం చూద్దాం."

అందరూ మెడలు చాచారు. టీచరమ్మ చెయ్యి అత్తగారి కవరు మీదికి వెళ్లి, పైనున్న ఎనిమిది అంకె చూసి ఆగిపోయింది. అది పరిస్తే ఆ బొమ్మలు అందరి కళ్లా పడతాయి. ముఖంలో రంగు పోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆవిడ ముఖం అలా ఎవరూ చూసి ఉండరు.

"పరవక్కర్లేదు," అంది రుదైనా. "నేను కాపీ కొట్టాను. అత్తయ్య దగ్గర చూసి రాద్దామని."

గది గదంతా నవ్వింది. కాలేజీలో చదివింది అత్తగారి దగ్గర కాపీ కొట్టడమేమిటని పొట్టలు పట్టుకున్నారు. నవ్వు తనమీద కాదు గనుక ఉమ్ ఖుతైబా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"పోనీలెండి టీచరమ్మా, చిన్నపిల్ల," అంది దయగా, మేకకి గీత గీస్తూ.

టీచరమ్మ రుదైనాని వసారాలోకి తీసుకెళ్లి తలుపు మూసింది. తలుపు వెనక ఎవరైనా ఉన్నారేమో మళ్లీ తీసి చూసి, మళ్లీ మూసింది.

"కాగితాలు వేరువేరని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు టీచరమ్మా. నేనూ ఎవరికీ చెప్పను."

టీచరమ్మ ఆమె ముఖంలో చీటీ కోసం వెతికినట్టు చాలాసేపు వెతికింది. ఏమీ దొరకలేదు.

"నీ పదకొండు ఉందే, అంత కష్టమైన కాగితంలో అది నా దగ్గర మరెవరికీ రాలేదు," అంది గొంతు తగ్గించి. "దుకాణం వాళ్లకి నీ పేరే రాసిచ్చాను. కానీ ఈ నెల నీకు సున్నా. కాపీ కొట్టావుగా."

ఇంటికి వెళ్లాక ఉమ్ ఖుతైబా కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అడిగితే నేనే చెప్పేదాన్ని కదే, దొంగచూపులెందుకు? రా, నేర్చుకో. ఇది జగ్. అది బ్రెడ్." కిటికీలోంచి పక్కింటి మేకని చూపించింది. "అది గోట్."

మేకని గోట్ అనడం సరిగ్గానే అంది. మూడు నెలల కిందట ఆవిడకి అందులో ఒక్క ముక్కా రాదు.

"ఎవరు చెప్పారత్తయ్యా?" అంది రుదైనా.

"ఒకరు చెప్పేదేంటే? నాకే వచ్చు," అంది ఉమ్ ఖుతైబా.