కలక నీళ్ళలో పాలసొర

పాలడబ్బా అడుగున చెంచా గీరుకునే చప్పుడు ఎలా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించుకుని ఉన్న ఆ చలికాలం, నేను పనిచేసే ఇంట్లో రెండు నెలల మగపిల్లాడు ఉండేవాడు. డబ్బా పాలు అయిపోయాయి. కొట్లలో లేవు. ఇరుగుపొరుగు ఇచ్చిన సగం సగం డబ్బాలూ అయిపోయాయి. తల్లికి పాలు ఎండిపోయాయి. ఎండిపోక ఏం చేస్తాయి? ఆమె మొగుణ్ణి సైనికులు గుమ్మంలోంచే పట్టుకుపోయారు. బతికున్నాడో లేదో చెప్పే నాథుడు లేడు.

ఇంట్లో మిగిలింది నలుగురం: మామా, అంటే మా యజమానురాలు, ఆమె కోడలు, పిల్లాడు, నేను. గంజి వార్చి పంచదార కలిపి పట్టేవాళ్ళం. వాడు తాగేవాడు, కాసేపటికే మళ్ళీ ఏడుపు. రానురాను ఆ ఏడుపులో జోరు తగ్గింది. ఏడ్చే పిల్లాడికన్నా ఏడవని పిల్లాడు ఎక్కువ భయపెడతాడు.

నేను కువైట్‌లో దిగిన నెలకే యుద్ధం వచ్చింది. నా పాదం అంత మంచిది. ఎనిమిది నెలల కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చాను. విమానంలో రొమ్ములు సలుపుతుంటే గుడ్డతో బిగించి కట్టుకున్నాను. కొన్నాళ్ళకి నా పాలూ ఇంకిపోయాయి. పిల్లాడు మరీ గుక్కపడితే ఒళ్ళో వేసుకుని ఒట్టి రొమ్మే నోట్లో పెట్టేదాన్ని. కోడలు మంచం మీంచి చూస్తూ ఉండేది. వాడు చప్పరించి చప్పరించి నిద్రపోయేవాడు. పసివాణ్ణి మోసం చేస్తున్నట్టు ఉండేది నాకు.

గోదావరి సముద్రంలో కలిసే చోట మా ఊరు. అక్కడ బాలింతకి పాలు చాలకపోతే పాలసొర పిట్టు పెడతారు. చిన్న జాతి సొరచేప అది. నాకు తెలిసిన మందు అదొక్కటే. కానీ సొర ఎక్కణ్ణించి తేను? పడవలు కదలనివ్వడం లేదు. సముద్రపు ఒడ్డంతా కందకాలు, ముళ్ళకంచెలు.

అప్పుడు వాన పడింది. కువైట్‌లో వాన పడితే నీళ్ళు ఎటుపోవాలో వాటికే తెలియదు. రోడ్లన్నీ కాలవలై, ఊరి మట్టినంతా మోసుకుని పెద్ద తూము గుండా సముద్రంలో పడ్డాయి. తడిసిన బట్టలు తీద్దామని మేడ మీదికి వెళ్ళి చూస్తే, ఒడ్డున నీళ్ళు పైకెక్కి టీ రంగులో ఉన్నాయి. నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

వరదొచ్చి ఉప్పుటేరు పొంగితే ఊరంతా గేలాలు చుట్టి ఇంట్లో పెట్టుకునేది. మా నాన్న అప్పుడే బయల్దేరేవాడు, నన్ను వెంటేసుకుని.

"నీళ్ళు కలకబారితే చేపకి కళ్ళు కనపడవే. కళ్ళు కనపడనోడు ఏం చేత్తాడు? గోడట్టుకుని నడుత్తాడు. చేపా అంతే. లోతుకి పోదు. ఒడ్డుకొచ్చి ఏ రాటనో ఆనుకునుంటాది. గేలం దాని మూతికాడికే అట్టుకెళ్ళాలి. కంపు కొట్టే ఎర ఎట్టు. కదపమాకు. అదే వాసన చూసుకుని వత్తాది" అనేవాడు.

మేడ దిగి, గేలం ఉందా అని అడిగాను. ఎప్పుడూ మంచం దిగని కోడలు లేచి వెళ్ళి మొగుడి చేపల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. మామా మాత్రం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"సైనికులు కాల్చేస్తారు" అంది.

"కాలిస్తే తినే నోరు ఒకటి తగ్గుద్ది మామా" అన్నాను. మాకున్న భాష నాలుగు నెలల వంటింటి అరబ్బీ. నా వెటకారం అందులో పట్టిందో లేదో. ఆమె నవ్వలేదు. తన నల్ల అబాయా తీసి నా భుజాల మీద కప్పింది. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎరకి నా ఎండు నెత్తళ్ళు ఉండనే ఉన్నాయి. ఊరి నుంచి తెచ్చుకున్న చిట్టి ఎండుచేపలు. కంపు భరించలేక మామా వాటిని మేడ మీదికి దేశబహిష్కారం చేసింది.

తూము దగ్గర గోడ మీద ఒక నడివయసు సైనికుడు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి గేలం చూపించాను. చేతుల్లో పిల్లాణ్ణి ఊపుతున్నట్టు చూపించాను. అతను కుడివైపు ఇసక చూపించి, రెండు చేతులూ ఒక్కసారి విప్పాడు, ఏదో పేలినట్టు. ఎడమవైపు గోడ అంచు చూపించి తల ఊపాడు. ఆ అంచు పట్టుకునే వెళ్ళాను. అతను ఎవరి బిడ్డో, ఆ తల్లి చల్లగా ఉండాలి.

అక్కడ విరిగిపోయిన పాత చెక్క వంతెన రాటలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఆశ కొద్దీ మొదట గేలం దూరంగా విసిరాను. ఏమీ లేదు. ఇంకా దూరం విసిరాను. ఏమీ లేదు. మా నాన్న ఉంటే నెత్తి మీద మొట్టేవాడు. తాడు లాక్కుని, నానిన నెత్తళ్ళు గుచ్చి, నా కాళ్ళ దగ్గరి రాటకి ఆనించి జారవిడిచాను. చెయ్యి కదపకుండా కూర్చున్నాను.

ముందు ఒక పొలుసుల చేప పడింది, అరచెయ్యంత. తర్వాత చాలాసేపటికి తాడు మెల్లగా బరువెక్కింది. లాగితే మోచేతి పొడవు సొర. దాని గరుకు చర్మం ముంజేతిని గీరేసినా నేను వదల్లేదు. అక్కడే మోకాళ్ళ మీద పడి ప్రభువుకి స్తోత్రం చెప్పాను. వెళ్తూ వెళ్తూ ఆ పొలుసుల చేపని సైనికుడి చేతిలో పెట్టాను. నా దగ్గర సొర ఉండగా అదెందుకని.

ఇంటికొచ్చి సొరని పసుపు నీళ్ళలో ఉడికించి, తోలు వలిచి, నీళ్ళు పిండేసి, పొడిపొడిగా చిదిపి, ఉల్లిపాయా వెల్లుల్లీ దండిగా వేసి పిట్టు వేయించాను. మామా వంటింట్లోకొచ్చి గిన్నెలోని తోలు చూసింది.

"దీని పొలుసులేవి?"

"సొరకి పొలుసులుండవు మామా."

"పొలుసు లేని చేప మా షియాలకి హరామ్" అంది.

ఆ ఇంటికి చేప ఎప్పుడూ ముక్కలై వచ్చేది. ఏ చేప వస్తోంది, ఏది రావడం లేదు అని నేనెప్పుడూ ఆలోచించలేదు. తినగలిగిన చేపని సైనికుడికిచ్చి, తినకూడనిది ఇంటికి తెచ్చాను. కోడలు ముద్ద చేతిలోకి తీసుకుంది. పిల్లాడి వైపు చూసింది. మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. బిడ్డ పోతుంటే ఇదేం పట్టింపని తెలుగులోనే అరిచాను. మామా కోప్పడలేదు.

"మాకు కూడదు. నీకు కూడదని ఎవరన్నారు? నువ్వు తిను. పారేస్తే పాపం" అంది.

ఏడుస్తూనే తిన్నాను. ఆకలి రుచెరగదంటారు గానీ, నాకు మాత్రం రుచి తెలిసింది. అంత రుచిగా ఉన్నందుకు ఇంకా ఏడుపొచ్చింది. మిగిలింది ఉప్పేసి దాచుకుని నాలుగు పూటలు తిన్నాను. పిల్లాడు నా ఒడి దిగడం మానేశాడు. ఏడిస్తే చాలు, రొమ్ముకి పెట్టుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మామా రొట్టెల వరసలో నిలబడి తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. పిల్లాడు ఎప్పటిలాగే చప్పరిస్తున్నాడు. ఉన్నట్టుండి గుటక వేశాడు. ఒట్టి రొమ్ము చప్పరించే పిల్లాడు గుటకలు వెయ్యడు. వేలితో వాడి పెదవి పక్కకి జరిపి చూశాను. తెల్లగా ఉంది.

పిల్లాడు పదే పదే నోరు పెడితే పాలు తిరిగి పడతాయని తర్వాత ఒక నర్సు చెప్పింది. అయ్యుండొచ్చు. నేను మాత్రం ప్రభువు తర్వాత సొరకే మొక్కుతాను.

మామా ఏమంటుందోనని భయపడ్డాను. వాడు తాగడం అయ్యింది. కోడలు వచ్చి నా భుజం మీద తల ఆనించింది. అప్పుడు మామా చెప్పింది.

"నీ పాలు తాగాడు కాబట్టి ఇక వీడు నీ కొడుకు. నీ కూతురు వీడికి అక్క. రేపు వాళ్ళిద్దరికీ పెళ్ళి కూడదు, గుర్తుపెట్టుకో."

నాకు నవ్వాగలేదు. గిన్నెలు తోమేదాని కూతురికి ఆ ఇంటి సంబంధం రావడం ఒకటి, దాన్ని నేను వద్దనడం ఒకటి. ఆమె నవ్వలేదు. తన ధర్మం ప్రకారం లెక్క చూసి చెబుతోంది.

"నీ కూతురి పేరేంటి?" అని అడిగింది.

ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. నా కూతురు ఎలా ఉందో నాకు తెలియదు. దాని పాలు ఇంకెవరో తాగారని ఒక్క క్షణం దిగులేసింది. ఆ వెంటనే, దానికి దూరమై ఇంకిపోయిన పాలు ఒక ప్రాణాన్ని నిలబెట్టినందుకు దేవుడి మీద చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది. పేరు చెప్పాను. మామాకి నోరు తిరగలేదు. రెండుసార్లు తప్పు పలికింది. సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పలికింది. ఊరు వదిలాక నా కూతురి పేరు ఇంకొకరి నోట వినడం నాకదే మొదటిసారి.