వాలు మాస్టారి నడుము

ఆయన దగ్గర చెప్పులు కొనడానికి వెళ్లేవాళ్లు కాస్త తీరిక చూసుకుని వెళ్లాలి. ఎడమ కాలికి జోడు తొడిగేసి, కుడి కాలిది చేతిలో పట్టుకుని, చిన్న పీట మీద కూర్చుని గోల్ఫ్ కథ మొదలెడతారు. ఒంటి చెప్పుతో పారిపోయేవాడు ఎవడుంటాడు? చచ్చినట్టు వినాల్సిందే.

చెప్పుల షాపు మనిషికి గోల్ఫ్ పిచ్చి ఎలా పట్టిందంటే, చెప్పుల వల్లే పట్టింది. ఊరి చివర గోల్ఫ్ మైదానం పెట్టిన కొత్తలో ఆడేవాళ్ల మేకుల బూట్లకి కొలతలు తీసుకోవడానికి ఈయన్ని పిలిపించారు. కొలతలు తీసుకున్నాక ఇంటికి రావాల్సిన మనిషి, జనం లోపలికి రాకుండా కట్టిన తాడు అవతల నిలబడి చీకటి పడేదాకా చూశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడే. కొన్నాళ్లకి మైదానం వాళ్లు, ఎలాగూ వస్తున్నావు, పిల్లలకి నేర్పించు అన్నారు. అంతే, షాపు మనిషి కాస్తా మాస్టారయ్యారు.

పిల్లల చేతులు చూసేవారు కాదు, పాదాలు చూసేవారు. "కాళ్లు సర్దుకుని నిలబడితే కర్ర దాని పని అది చేసుకుంటుంది" అని ఆయన వాదన. జీవితమంతా పాదాల దగ్గర కూర్చున్నవాళ్లకి అలాగే ఉంటుంది మరి. కానీ విచిత్రం చూడండి, పిల్లలు శ్రద్ధగా చూసేది మాత్రం ఈయన నడుమునే.

గోల్ఫ్ అంటే ఏముంది, కర్రతో చిన్న బంతిని కొట్టి గుంటలో వెయ్యడమే. ఎవరికి తక్కువ దెబ్బలు పడితే వాళ్లు గెలిచినట్టు. గుంట చుట్టూ గడ్డి నున్నగా కత్తిరించి ఉంటుంది, కానీ నేల ఏ పక్కకి వాలి ఉందో తెలిసి చావదు. మాస్టారికి తెలిసేది. తెలిస్తే ఊరుకుంటే బాగుండేది. పిల్లలు బంతి కొట్టకముందే, ఏ పక్కకి గురిపెట్టాలో ఆ పక్కకి ఈయన నడుము ఒరిగిపోయేది. ఆయనకి తెలియకుండానే. ఓసారి ఒరిగి ఒరిగి పక్కనున్న ఇసక గోతిలో పడ్డారు కూడా. ఆ మాట ఎత్తితే ఒప్పుకోరు, కాలు జారిందంటారు. పిల్లలు ఆయనకి వాలు మాస్టారని పేరు పెట్టేశారు.

ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. ఆట అయ్యాక అందరూ గడ్డిలో కూర్చుని, ఎవరూ చూడకుండా చేసిన తప్పేదైనా ఉంటే ఎవరిది వాళ్లు చెప్పాలి. బంతి కాలికి తగిలిందనో, ఒక దెబ్బ లెక్కలో మింగేశాననో. ఈ ఆటలో వెనకాలే తిరిగి చూసే కాపలా ఉండదు కాబట్టి ఎవరికి వాళ్లే కాపలా అని ఆయన నమ్మకం. చెప్పినవాళ్లకి మొదట్లో చాక్లెట్ ఇచ్చేవారు. దాంతో పిల్లలు చెయ్యని తప్పులు కూడా కుప్పలుగా ఒప్పుకోవడం మొదలెట్టారు. చాక్లెట్లు ఆగిపోయాయి, ఒప్పుకోవడం మాత్రం నిలిచింది.

చాక్లెట్ల కాలంలో కూడా లేని తప్పు చెప్పని పిల్ల ఒక్కతే ఉండేది. లాండ్రీ ఆయన కూతురు. బక్కపలచగా, పెద్ద ఆరిందాలా, నవ్వితే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు ఉండేది. "నీ తప్పేంటమ్మా" అంటే "ఇవాళ ఏమీ లేదు మాస్టారూ, రేపు ఉంటే చెప్తాను" అనేది. ఆమెకి జడ్జమ్మ అని పేరు పెట్టింది మాస్టారే. ఆ పేరు తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు ఆయనకేం తెలుసు.

ఈ జడ్జమ్మా, ఇంకో ముగ్గురూ కలిసి జిల్లా పిల్లల కప్పు వరసగా రెండేళ్లు కొట్టుకొచ్చారు. ఇక మాస్టారిని పట్టుకోవడం ఎవరి తరం? నలుగురు పిల్లలు గెలిస్తే, షాపులో "మొన్న నేను గెలిచినప్పుడు" అని మొదలెట్టేవారు. కప్పు ఆయన ఇంట్లోనే ఉండేది. దానికోసం హాల్లో గడియారం పీకేసి అలమర కొట్టించారు. టైమెంతైందని ఎవరైనా అడిగితే కప్పు వైపు చూడటం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. అయితే ఆ కప్పు ఏటేటా తిరిగి ఇచ్చెయ్యాలి. వరసగా మూడోసారి గెలిస్తే మాత్రం ఇక ఎవరూ అడగరు, శాశ్వతంగా వీళ్లదే. మాస్టారికి ఆ ఏడాదంతా వేరే ధ్యాస లేదు.

పోటీలో ఒక చిక్కుంది. ఆట జరుగుతుండగా మాస్టార్లు పిల్లలకి సలహా చెప్పకూడదు. పిల్లలు కావాలని తీసుకుంటే శిక్షగా వాళ్ల లెక్కలో రెండు దెబ్బలు కలుపుతారు. నోరు మూసుకోవడమన్నది ఈయనకి పుట్టుకతో రాలేదు కాబట్టి భార్య తోడొచ్చేది. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఎంత మొండి రోగి చేతైనా మందు మింగించగలదు. సంచినిండా పిప్పర్మెంట్లు తెచ్చుకుని, ఈయన పెదవి కదిలినప్పుడల్లా ఒకటి నోట్లో వేసేది. అలా నోటికైతే గట్టి కాపలా పెట్టింది. నడుముకి కూడా పెట్టాలని ఆవిడకి మాత్రం ఎలా తడుతుంది?

మూడో ఏడు పోటీ ఆఖరి గుంట దాకా వచ్చింది. అవతలి జట్టు ఆట ముగించి కూర్చుంది. మనవాళ్లలో జడ్జమ్మ ఒక్కతే మిగిలింది. బంతి ఒక్క దెబ్బలో గుంటలో పడితే కప్పు మనది, ఒకే ఒక్క దెబ్బ తేడాతో. ఆ పిల్ల గడ్డి మీద గొంతుక్కూర్చుని అటు చూసింది, ఇటు చూసింది. నేల కుడికి వాలినట్టు ఒకసారి, ఎడమకి వాలినట్టు ఒకసారి కనిపిస్తోంది. చివరికి తలెత్తి తాడు అవతలున్న జనం వైపు చూసింది. మళ్లీ తల దించుకుని కొట్టింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి గుంటలో పడింది.

మాస్టారు ఎగిరి గంతేశారు. భార్య చేతిలో పిప్పర్మెంట్ల సంచి ఎటో ఎగిరిపోయింది. ఆయన మనసులో కప్పు అప్పటికే అలమరలో శాశ్వతంగా కూర్చుంది. జడ్జమ్మ మాత్రం గుంటలోంచి బంతి కూడా తియ్యకుండా తిన్నగా రిఫరీ దగ్గరికి నడిచింది.

"నాకు రెండు దెబ్బలు కలపండి సార్. మా మాస్టారి దగ్గర సలహా తీసుకున్నాను."

టోపీ పెట్టుకున్న ముసలి రిఫరీ తెల్లబోయాడు. "ఆయన నోరు విప్పలేదు కదమ్మా. ఆయన సంగతి విని ప్రత్యేకంగా కనిపెట్టి చూస్తున్నాను కూడా."

"నోటితో కాదు సార్. ఎడమకి ఒరిగారు."

"ఒరగడమేంటి?"

"ఎటు కొట్టాలో అటు ఒరుగుతారు. ఆయనకి తెలీదు, మాకు తెలుసు. నేను అది చూడ్డానికే తలెత్తాను."

రిఫరీ మాస్టారిని పిలిచాడు. ఉద్యోగంలో ఇలాంటి గొడవ ఎన్నడూ చూడలేదని మొహంలోనే తెలుస్తోంది. "ఏమండీ, మీరు ఒరిగారా? ఏదైనా నడుము నొప్పి లాంటిది ఉందా?"

పాపం, పెద్దమనిషి దారి చూపించాడు. అబద్ధం కూడా కాదు. రోజంతా పీట మీద వంగి కూర్చునే మనిషికి నడుము నొప్పి నిజంగానే ఉంది. ఆ పొద్దున్నే భార్య మందు రాసింది, దగ్గరికెళ్తే వాసన కూడా వస్తోంది. అవునండీ, నొప్పి అంటే చాలు, కప్పు ఇంటికొస్తుంది. ఆయనకి ఆ మాట నాలిక మీదికి వచ్చేసింది. ఈ పిల్లని ఎందుకు చేర్చుకున్నానురా దేవుడా అని కూడా అనిపించింది. తక్కిన ముగ్గురు పిల్లలూ ఆయన వైపే చూస్తున్నారు. జడ్జమ్మ చూడటం లేదు. బూట్లకేసి చూసుకుంటోంది. ఆ బూట్లకి కొలత తీసింది ఈయనే.

మాస్టారు నోట్లో పిప్పర్మెంటు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకున్నారు.

"ఒరిగాను సార్" అన్నారు. ఆగి, "ఇసక గోతిలో కూడా ఒరిగే పడ్డాను" అన్నారు.

రిఫరీకి ఆ రెండో మాట ఏమిటో అర్థం కాలేదు గానీ పిల్లలకి అర్థమైంది. రెండు దెబ్బలు కలిశాయి. ఒక్క దెబ్బతో గెలవాల్సిన జట్టు ఒక్క దెబ్బతో ఓడిపోయింది.

తిరుగు ప్రయాణంలో మాస్టారు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకి ఏడుపు ముంచుకొస్తోంది, ఆ వయసులో బస్సులో ఏడవడం బాగుండదని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ముందు సీట్లో జడ్జమ్మ నిటారుగా కూర్చుంది. ఆమెని వెనక్కి పిలిచి ఏదైనా మంచి మాట అనాలని మాత్రం ఉంది. భార్య ఏరుకొచ్చిన సంచి తడిమి చూసి, "రెండు మిగిలాయి. ఇప్పుడు మాట్లాడొచ్చు కదా, అక్కర్లేదేమో" అంది. ఆయన చెయ్యి చాపి రెండూ తీసుకుని, ఒకటి ముందు సీట్లోకి అందించారు. వెనక్కి తిరగకుండానే ఆ పిల్ల తీసుకుంది.

కప్పు తిరిగిచ్చేశాక అలమరలోకి గడియారం వచ్చి కూర్చుంది. షాపులో కథ ఆగిపోతుందనుకుని జనం సంతోషించారు గానీ, ఇంకా పొడుగైంది. గెలిచిన రెండు కప్పుల ముచ్చట ఇప్పుడు గబగబా లాగించేస్తారు. ఓడిన కప్పు దగ్గరికొచ్చేసరికి చేతిలో జోడు కింద పెట్టేసి, రిఫరీ టోపీతో సహా నటించి చూపిస్తారు. "ఎవరూ చూడలేదండీ, అదే వెళ్లి చెప్పింది" అనేటప్పుడు గొంతు మారుతుంది. మొన్నామధ్య ఒకాయన విసుగొచ్చి, గొడవ లేకుండా ఒంటి చెప్పుతోనే వెళ్లిపోయాడు.

ఓడొచ్చిన తర్వాతి ఆదివారం మాస్టారు మైదానానికి వెళ్లేసరికి గుంట పక్కన కుర్చీ వేసి ఉంది. గుంటకి వీపు పెట్టి కూర్చునేలా వేసి ఉంది. ఇదెవరి పని అని అడగాల్సిన అవసరం లేకపోయింది. జడ్జమ్మ కర్ర పట్టుకుని కుర్చీ వైపు చూపించింది. "అలవాటు మీరు మానరు, చూడటం మేము మానం. కూర్చోండి మాస్టారూ."

ఆయన కూర్చున్నారు. ఎదురుగా చూడ్డానికి మైదానం గోడ తప్ప ఏమీ లేదు. వెనక బంతిని కొట్టిన చప్పుడైంది. నడుము దానంతటదే కుడికి కదిలింది, కుర్చీ చెయ్యి అడ్డొచ్చింది.

"పడిందా?" అని అడిగారు.

"లేదు మాస్టారూ. గుంట అంచు తాకి పక్కకి పోయింది."

ఆయన తల ఊపారు. తిరిగి చూడలేదు.

"సరే" అన్నారు. "ఇంకోటి కొట్టు."