కుట్టుమిషను నూనెతో కదిలిన కారు

కొలతల్లో ఆ వీధి టైలరుకు సాటి లేరు. మనిషిని ఒకసారి ఎగాదిగా చూస్తే చాలు, టేపు తియ్యకుండానే నడుము చుట్టుకొలత చెప్పేవాడు. కారు దగ్గరే లెక్క తప్పాడు. రిపేరు ఆరు నెలల్లో అయిపోతుందన్నాడు, నాలుగేళ్లు పట్టింది.

ఆ కారు ఆయన కొన్నదీ కాదు. ఇల్లు మారుతున్న ఒక ముసలి డాక్టరు, షెడ్డు ఖాళీ చేస్తూ, "పాతికేళ్లుగా నా కోట్లు కుడుతున్నావు, ఇది నువ్వే తీసుకెళ్లు" అన్నాడు. బహుమతి అనుకుని టైలరు పొంగిపోయాడు. డాక్టరు చెత్త వదిలించుకున్నాడని టైలరు భార్యకు మొదటి చూపులోనే తెలిసిపోయింది. నలుగురు తోసుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టిన ఆ పాతకాలపు బండికి గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు ఉన్నాయి. వెనక సీటులో ఒక పిల్లి పిల్లల్ని పెట్టి ఉంది.

"ఏమండీ, పిల్లికి ఇల్లు దొరికింది, మనకు వాకిలి పోయింది" అందామె. ఆస్పత్రిలో నర్సు కాబట్టి బతికేదేదో, బతకనిదేదో ఆమెకు బాగా తెలుసు.

మెకానిక్కు అయిన ఆమె తమ్ముడు వచ్చి బానెట్ ఎత్తి చూసి, వెంటనే దించేశాడు.

"బావా, దీన్ని తుక్కుకు వేసెయ్."

"చిరిగిందని ప్యాంటు పారేస్తామా? రఫ్ఫు చేసుకుంటాం."

"ఇక్కడ ప్యాంటే లేదు బావా. చిరుగొక్కటే ఉంది."

దాంతో టైలరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. కొత్త సామాను కొనే స్తోమత లేదు. అందుకని ప్రతి ఆదివారం పాత ఇనుము దుకాణాల్లో దేవులాడేవాడు. తుప్పు పట్టిన బోల్టులన్నీ ఇంట్లో పాల గిన్నెలో, కిరసనాయిల్లో నానాయి. బిగుసుకుపోయిన తలుపుల్ని కుట్టుమిషను నూనె పోసి కదిలించాడు. కోట్లు కుట్టగా మిగిలిన ముక్కల్ని అతికి సీట్లకు తొడుగులు వేశాడు. అవి మాత్రం అద్భుతంగా కుదిరాయి. ఇంజను విప్పినప్పుడు, కస్టమర్ల బట్టలకు కట్టినట్టే ఒక్కో భాగానికీ చీటీ కట్టాడు. అంత పద్ధతిగా చేసినా, బిగించాక మూడు ముక్కలు మిగిలాయి. బావమరిది నవ్వుకుంటూ వచ్చి, మళ్లీ విప్పి, నవ్వడం మానేసి, రెండు వారాలు కష్టపడ్డాడు.

ఆస్పత్రి మంచాలకు వేయగా మిగిలిన లేతాకుపచ్చ రంగు డబ్బాలు భార్య అడిగి తెచ్చింది. అలా ఒకప్పుడు దర్జాగా తిరిగిన బండి, చక్రాలున్న పేషెంటు మంచంలా తేలింది.

చివరికి ఒక ఉదయం అది దగ్గి, తుమ్మి, స్టార్టయింది. పొగకు పక్కింటివాళ్లు కిటికీలు మూసేసుకున్నారు. టైలరు కళ్లు చెమర్చాయి.

"బాగుంది. మరి నడిపేదెవరు?" అంది భార్య.

నాలుగేళ్లలో ఎవరికీ రాని ప్రశ్న అది. టైలరుకు కుట్టుమిషను, సైకిలు తప్ప మరేదీ తొక్కడం రాదు.

డ్రైవింగ్ స్కూల్లో ఇద్దరు చేరితే ఫీజు తగ్గిస్తామన్నారు. ఆ తగ్గింపు కోసమే ఆమె కూడా చేరింది. పరీక్షరోజు టైలరు సగం దూరం బాగానే నడిపి, బ్రేకు వేసి, దిగి బానెట్ ఎత్తాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"టకటకమంటోంది సార్. వాల్వు వదులైనట్టుంది."

"ఇది స్కూలు బండి! రిపేరు కాదు, నడిపి చూపించు!"

రెండోసారీ అదే వరస. ఇంజను ఏమంటోందో వినే ధ్యాసలో రోడ్డు మీద ఎర్రదీపం కనిపించలేదు. భార్య మాత్రం మొదటిసారే పాసైంది. ఆమెకు కారంటే మిక్సీ లాంటిది, మీట నొక్కితే తిరగాలి అంతే.

ఆమె సొంత కారు తీసిన మొదటిరోజు టైలరు పక్క సీట్లో కూర్చుని, "నెమ్మది, గతుకు, క్లచ్చు!" అంటూ వీధి చివరిదాకా వెళ్లాడు. ఆమె బండి ఆపి, "దిగండి" అంది. దిగాడు. అప్పటినుంచి ఆమె తోటి నర్సులిద్దర్ని ఎక్కించుకుని డ్యూటీకి కార్లో వెళ్తోంది. ఈయన దుకాణానికి నడిచి వెళ్తున్నాడు.

ఒక సాయంత్రం ఎడమ తలుపు మీద జానెడు గీతతో బండి తిరిగొచ్చింది. టైలరు ప్రాణం విలవిల్లాడింది. నిలదీద్దామని నోరు తెరిచేలోపే ఆమె దూకినట్టు దిగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహంలో అంత వెలుగు ఆయనెప్పుడూ చూడలేదు.

"ఏమండీ, ఫ్లైఓవరు మీద అందర్నీ దాటేశాను!"

ఆయన గీతను చేత్తో ఒకసారి తడిమి, వదిలేశాడు.

"ఇంజను చప్పుడేమైనా చేసిందా?"

"ఏమో, నాకెలా తెలుస్తుంది? దారంతా మేం ముగ్గురం పాడుతూనే ఉన్నాం."