చుక్క ఏ ఊరిది?

ఆ రోజుల్లో జహీరాబాద్ మొత్తంలో నా అంత తెలివైనది లేదని నాకు గట్టి నమ్మకం. (మా అమ్మకు మాత్రం లేదు.) ఎనభైల మొదట్లో, చేతిపంపులకు బోర్లు వేయించే ఆఫీసులో నాకు మ్యాపులు గీసే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. నీళ్లు పడే చోట్లు చూసినవాళ్లు అక్షాంశ రేఖాంశాల అంకెలు పంపేవారు. వాటి ప్రకారం మ్యాపు మీద చుక్క పెట్టి, అది ఏ ఊరి పొలిమేరలో ఉందో రాయడం నా పని. వారం పట్టే పని అది. నేనేమో ప్రతి ఊరి వంకర పొలిమేర చుట్టూ స్కేలుతో ఒక డబ్బా గీసి, డబ్బాలో పడ్డ చుక్కను ఆ ఊరికి రాసేసి, ఒక్క పూటలో ముగించాను. రెండు డబ్బాల్లో పడితే? జాబితాలో ముందున్న ఊరికి రాశాను. పెద్దసారు శభాష్ అన్నారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

రెండు రోజులకు న్యాల్‌కల్ దిక్కు నుంచి ఒక పెద్దమ్మ, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని దిగింది. వాళ్ల మెట్ట చెలకలో బోరుకు చూసిన చోటు నా పుణ్యమా అని పక్క ఊరి పేరున పడింది. ఆ ఊరికి పంపు ముందే ఉందని పెద్దసారు దాన్ని గీత పెట్టి కొట్టేశారు. బోరు బండి మర్నాడే రాయికోడ్ వైపు పోతుంది, మళ్లీ వచ్చేది ఎండాకాలం దాటాకే.

"వాగుల చెలిమె గూడ ఎండింది బిడ్డా. జర మంచిగ చూడు," అందామె.

మా ఆఫీసులో కొలతల గొలుసు లాగే తాత నా మ్యాపు మీది డబ్బాలు చూసి, ఊర్లేమన్న సందూకలా అని నవ్వాడు. బడి మొహం చూడని మనిషి. "చుక్క కాడికెల్లి ఒక్క దిక్కే సక్కగ పో. పొలిమేర ఎన్నిసార్లు దాటినవో లెక్కపెట్టు. ఒక్కసారో మూడుసార్లో దాటితే లోపలున్నట్టు, రెండుసార్లయితే బయటున్నట్టు."

చుక్క మీద స్కేలు పెట్టాను. పక్క ఊరి పొలిమేర రెండుసార్లు తగిలింది. వాళ్లది మూడుసార్లు! ఉద్యోగం పోతే పోయిందనుకుని పెద్దసారు గదిలోకి వెళ్లి, తప్పు నాదేనని చెప్పేశాను. ఆయన కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి, కొట్టేసిన గీత మీద ఆ చోటు ఖాయమని మళ్లీ సంతకం చేశారు. రెండు డబ్బాల్లో పడ్డ మిగతా చుక్కలన్నీ చీకటి పడేదాకా తాత లెక్కతోనే దిద్దాను.

మర్నాడు బండి ముందు వాళ్ల ఊరికే పోయింది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు చిమ్మాయి. ఆడవాళ్లంతా తడిసి ముద్దయ్యారు, నేనూ తడిశాను, ఏడ్చాను కూడా. పంపు ఇప్పించిన మేడమ్ అని నాకు బంతిపూల దండ వేశారు. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పెద్దసారుకు అంత ధైర్యంగా చెప్పిన నిజాన్ని, ఆ పెద్దమ్మకు చెప్పకుండా దండకు హాయిగా మెడ వంచింది.